చలి తగ్గకముందే బేస్‌బాల్ ఆశలు

పిట్స్‌బర్గ్‌లో మంచు ఇంకా కరగలేదు, నా మనసు మాత్రం అప్పుడే మా ఊరి బేస్‌బాల్ జట్టు పైరేట్స్ సొంత మైదానం పీఎన్‌సీ పార్క్‌లో కూర్చుంది. పైరేట్స్ చివరిసారి వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌ను తేల్చే ఫైనల్ సిరీస్) గెలిచింది 1979లో, నేనప్పటికి పుట్టనేలేదు. 2015 తర్వాత 2025 దాకా ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) ముఖమే చూడలేదు.

2025లో మా పిచర్ (బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కొట్టాడు. ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు (తక్కువైతే మేలు), 1.97. అయినా అతని ఖాతాలో 10 గెలుపులు, 10 ఓటములు! మనవాళ్లు పరుగులు చేస్తేగా.

అందుకే ఇప్పుడు నా కళ్లన్నీ కానర్ గ్రిఫిన్ మీదే. 2024 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమం) తొమ్మిదో పిక్, 2026 మొదలయ్యేసరికి ఇంకా ఇరవై నిండలేదు. 2025లో మైనర్ లీగుల్లో (పెద్ద లీగుకు కింది స్థాయి పోటీలు) 21 హోమ్ రన్లు, 65 స్టీల్స్ (పిచర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కు పరుగెత్తడం). కుర్రాణ్ణి తొందరపెట్టొద్దని పైకి అంటాను గానీ, 2026 సీజన్ తొలిరోజు, ఓపెనింగ్ డేకే షార్ట్‌స్టాప్‌లో (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ స్థానం) చూడాలని ఉంది.

"మళ్లీ మొదలెట్టావా?" అంటాడు క్రికెట్ పిచ్చి ఉన్న మా బావ. అననీ. జెర్సీ ఉతికి పెట్టుకున్నా.