బెలూన్ల బండి దగ్గర అడిలైడ్ చట్టం

ఈసారి సిరిమాను ఉత్సవానికి అడిలైడ్‌లో ఉంటున్న మేనల్లుడు విజయనగరం వచ్చాడు. మూడు లాంతర్ల దగ్గర జనంలో నలిగి, బెలూన్లు పేల్చే బండి దగ్గర ఆగాం. వాడు ఎయిర్‌గన్ ముట్టుకోలేదు. "మావయ్యా, మా దగ్గర నీళ్లలో నానబెట్టిన జెల్ గోలీలు కొట్టే బొమ్మ తుపాకీకైనా లైసెన్స్ ఉండాలి" అన్నాడు.

నవ్వాను గానీ, నిజమే. 2020 అక్టోబరులో అడిలైడ్ ఉన్న సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రం జెల్ బ్లాస్టర్లనే ఆ బొమ్మ తుపాకులను అసలు తుపాకుల కింద చేర్చింది. ఆ దేశంలో చాలాచోట్ల ఎయిర్‌సాఫ్ట్ అనే ఆట తుపాకీ సంగతీ అంతే. దాంట్లో పేలేది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు, మామూలుగా గ్రాములో ఐదో వంతు బరువు! బ్రిటన్‌లో ఒక్కో గుండు పేలే రకమైతే, గుండు బయటికొచ్చే శక్తి 2.5 జౌల్స్ వరకు ఉన్నా దాన్ని తుపాకీగా లెక్కించరు. మన 2016 ఆయుధ నిబంధనల్లో అయితే .177 అంగుళాల సీసపు గుళ్ల ఎయిర్‌గన్‌కి 20 జౌల్స్ లోపు లైసెన్సే అక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో భయమంతా దెబ్బ గురించి కాదు, ఆకారం గురించి. చీకట్లో ఎదురుపడ్డ కానిస్టేబుల్‌కి అసలేదో నకిలీ ఏదో ఏం తెలుస్తుంది? ఆ టెన్షన్ అర్థమవుతుంది. అమెరికాలో అమ్మే నకిలీ తుపాకుల మూతికి నారింజ రంగు ఉండాలంటారు, అది సబబుగానే ఉంది. కానీ ఆటసామాను ఇంట్లో ఉంచుకున్న కుర్రాడినీ, అసలు తుపాకీ దాచినవాడినీ ఒకే గాటన కట్టడం నాకు మింగుడుపడలేదు. వాడితో వాదించాను కూడా. "రూల్ అంటే రూలే మావయ్యా" అని బజ్జీల బండి వైపు నడిచాడు.