అద్దం బిగించాను, ఇంట్లో కరెంటు పోయింది

పని నిన్న రాత్రికి ముగిసింది. ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

బాత్రూమ్‌లో రెండు సింకుల మీద రెండు ఫ్రేము అద్దాలు పెట్టాలనుకున్నాం. కొలిచి చూస్తే ఎడమ అద్దం అంచు సరిగ్గా ప్లగ్ బోర్డు మీదకి వస్తోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి, గోడలో గాడి కొట్టి, వైర్ల పైపు వేసి, బోర్డు జరిపి వెళ్లిపోయాడు. మర్నాడు టైల్స్ కూడా అతికించేశారు.

అద్దాలు మాత్రం నేనే బిగిస్తానన్నా. టైల్ మీద మాస్కింగ్ టేప్ అంటించి, డ్రిల్‌లో హామర్ ఆపేసి, టైల్ బిట్‌తో నిదానంగా దింపాను. ఒక్క టైల్ కూడా పగల్లేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను.

సాయంత్రం గీజర్ వేశాం. టప్‌మని ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే మెయిన్ బోర్డు స్విచ్చి) పడిపోయింది, ఇల్లంతా చీకటి. గీజర్ పోయిందనుకుని ఇస్త్రీ పెట్టె పెట్టి చూస్తే మళ్లీ టప్. రెండు లైట్లు, ఒక ఫ్యాను ఉంటే ఏమీ కాదు, లోడ్ పెరిగితే చాలు పడుతోంది. బాత్రూమ్ ఎంసీబీ (ఆ ఒక్క లైనుకి కరెంటు ఆపే స్విచ్చి) దించేసి చూశా, అప్పుడూ పడింది. అయితే తప్పు బాత్రూమ్‌లో లేదని తేల్చేసుకుని, మెయిన్ బోర్డులో ఏదో కెలికి పోయాడని ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి అనరాని మాటలన్నీ అన్నాను.

మర్నాడు పాపం వచ్చాడు. రెండు గంటలపాటు మీటరు పట్టుకుని ఒక్కో బోర్డూ విప్పి చూశాడు. చివరికి అద్దం వైపు చూసి, "సార్, ఇది ఎప్పుడు బిగించారు?" అన్నాడు. ఎడమ అద్దం దించి పై స్క్రూ విప్పితే, దాని మరలో సన్నటి రాగి పోగు చుట్టుకుని ఉంది. గీజర్ వేశాడు. ఏమీ పడలేదు. ఇంట్లో అందరూ అక్కడే నిలబడి ఉన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నా స్క్రూ పైపులో దిగి న్యూట్రల్ వైరునీ, నేలలోకి పోయే ఎర్త్ వైరునీ కలిపేసిందట. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. మధ్యలో 30 మిల్లీఆంపులు ఎర్త్‌లోకి జారుకున్నా ఆర్‌సీసీబీ ఊరుకోదు. మా ఎంసీబీ ఫేజ్‌ని మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది కాబట్టి అది దించినా లాభం లేకపోయింది. ఫేజ్ వైరు తగలకపోవడం నా అదృష్టం. డ్రిల్ చేసేటప్పుడు నేను మెయిన్ కూడా ఆపలేదు.

అయినా తప్పంతా నాదే అంటే ఒప్పుకోను. పైపు నిటారుగా దింపి ఆ తర్వాత అడ్డంగా తేవాలి, అప్పుడే వైరు ఎక్కడుందో ఊహించగలం. ఆ మహానుభావుడు కాస్త కలిసొస్తుందని అద్దం వెనక నుంచి ఏటవాలుగా లాగేశాడు. పూడ్చకముందే కొలత టేపు ఆనించి గాడికి ఒక ఫొటో తీసుకోండి, ఎలక్ట్రీషియన్ ఎంత మంచివాడైనా సరే.

రెండు టైల్స్ మళ్లీ పగలగొట్టి వైరు మార్చాడు. నేను రెండంగుళాలు పక్కన కొత్త బెజ్జం వేశాను, ఈసారి మెయిన్ ఆపి, బ్యాటరీ డ్రిల్‌తో. ఫ్రేము వెనక గాలి ఆడేలా కింద రబ్బరు బొడిపెలు అంటించాను. పాత బెజ్జం అద్దం వెనకే ఉండిపోయింది. దాన్ని పూడ్చే ఓపిక నాకు లేదు.