ఆఫీసు కంపోస్టు డబ్బాలు
మా బెంగళూరు వైట్‌ఫీల్డ్ ఆఫీసు క్యాంటీన్ వెనక కంపోస్టు డబ్బాలు పెట్టారు, మంచిదే, కానీ వారం తిరక్కుండానే ఆ పక్కకెళ్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. హౌస్‌కీపింగ్ అక్కది అనంతపురం, మూత తీసి చూసి "సాంబారన్నం ఇట్ల కుమ్మరిస్తే కంపు కొట్టక ఏం చేస్తాది సార్, కొబ్బరి పొట్టు ఏదీ?" అంది. నిజమే, తడి ఎక్కువై గాలాడకపోతే వచ్చేది కంపే. ఇప్పుడు తిండి మీద ఒక పొర కొబ్బరి పొట్టో ఎండుటాకులో వేసి, మధ్యమధ్యలో కలియబెడుతున్నారు. పెద్ద సంస్థలు తమ తడిచెత్త సంగతి వీలైనంతవరకు తమ ఆవరణలోనే చూసుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉండేది, మావాళ్లు ఉత్సాహం కొద్దీ ఏం పెట్టలేదు లెండి. నా విసుగంతా టీ కప్పులతోనే. కాగితమే కదా అని కంపోస్టు డబ్బాలో పడేస్తారు, లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది మట్టిలో కలవదు, చివరికి ఆ అక్కే ఒక్కొక్కటీ ఏరాలి. ఇంటినుంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చుకోవడానికి ఏం కష్టమో మరి!