అయితే మీకు ముందే తెలుసు

పోయిన నెల ఒక మంగళవారం మా గ్రూపు మీటింగులో, పదిహేను మంది ముందు, ఒక పెద్దాయన నన్ను రెండు ప్రశ్నలు అడిగి ఒక మాట అన్నారు. గొంతు పెంచలేదు, మొహం చిట్లించలేదు. ఇన్నేళ్ల చదువులో నేను తిన్న తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. నెల దాటినా లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. జర్మనీలో, రైన్ నదికి దగ్గరలో ఒక ఊళ్లో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం, చేస్తున్నాను. చుట్టాలు అడిగితే "పేలిపోయిన చుక్కల బూడిద వెతుకుతా" అంటాను. మాట ఇంకొంచెం సాగిందంటే పెళ్లి సంగతిలోకి పోతుంది కాబట్టి అక్కడితో ఆపేస్తాను.

బూడిద అనడం మరీ తప్పేం కాదు. పెద్ద నక్షత్రం పేలినప్పుడు దాని ఒంట్లోని సరుకు చాలావరకు సెకనుకు 10,000 కిలోమీటర్ల లెక్కన చిమ్ముకొస్తుంది. వచ్చి నక్షత్రాల మధ్య ఉన్న వాయువును ఢీకొంటుంది. వాయువు అంటే పేరుకే. ఒక ఘన సెంటీమీటరు చోటులో సగటున ఒక్క పరమాణువు ఉంటే గొప్ప. మనం పీల్చే గాలిలో అదే చోట సుమారు 2.7 లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. అంత పలచనిదే అయినా కాంతి సంవత్సరాల దూరం తోసుకుంటూ పోయేసరికి బరువు పోగవుతుంది, చిమ్మిన సరుకు నెమ్మదిస్తుంది. ఆ ఢీకొన్న అంచు దగ్గర వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లుతాయి. అందుకే రేడియో టెలిస్కోపులో అది తరచుగా ఒక వలయంలా, విరిగిన గాజులా కనిపిస్తుంది. కొన్ని పదుల వేల ఏళ్లు అలా మెరిసి, చివరికి ఆ వాయువులోనే కలిసిపోతుంది. దీన్నే సూపర్‌నోవా అవశేషం అంటాం.

మన పాలపుంతలో ఇప్పటిదాకా జాబితాకెక్కినవి సుమారు 300. నక్షత్రాలు పేలే లెక్క చూస్తే వెయ్యి దాకానైనా ఉండాలి. మిగతావి ఏవి? ఆ తప్పిపోయిన వాటిని వెతకడమే నా ఉద్యోగం.

ఇక్కడ హోయింగా సంగతి చెప్పకపోతే నా బాధ మీకు అర్థం కాదు. 2021లో ఇరోసిటా అనే ఎక్స్‌రే టెలిస్కోపు సర్వేలో ఒక కొత్త అవశేషం బయటపడింది. ఆకాశంలో నిండు చంద్రుడికి 90 రెట్ల చోటు ఆక్రమించిందది. అంత పెద్దది ఇన్నాళ్లు ఎలా కనబడలేదంటే, అందరూ వెతికే పాలపుంత పట్టీకి అది చాలా దూరంగా ఉంది. పాత రేడియో సర్వేల్లో జాడ ఉన్నా ఎవరి కంటా పడలేదు. పరిశోధన పత్రంలో మొదటి రచయిత దానికి తన సొంత ఊరి పేరు పెట్టుకున్నారు. రైన్ ఒడ్డున బాద్ హ్యోనింగెన్ అనే చిన్న ఊరు, దాని మధ్యయుగాల నాటి పేరు హోయింగా. కోబ్లెంజ్ వైపు నది కుడి గట్టున పోయే రైలు ఆ ఊళ్లో ఆగుతుంది. నేను చాలాసార్లు ఆ స్టేషను దాటాను, దాటినప్పుడల్లా ఏదో అసూయ.

మాది ఆరుట్ల. ఇబ్రహీంపట్నం దగ్గర. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల 48 అంగుళాల టెలిస్కోపు ఉన్న జపాల్-రంగాపూర్ మాకు పక్కనే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణానికి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో రంగాపూర్‌కు వచ్చారు. మా నాన్న అప్పుడు మూడో తరగతి. నాయనమ్మ తలుపులు బిగించి, కిటికీలకు గోనె సంచులు కట్టి పిల్లలందరినీ లోపల కూర్చోబెట్టింది. దేశదేశాల నుంచి జనం చూడ్డానికొచ్చిన గ్రహణాన్ని మా నాన్న చీకటి గదిలో కూర్చొని పోగొట్టుకున్నాడు. తర్వాత ఆయన సైన్స్ సారు అయ్యాడు. ఇప్పటికీ ఆ గోనె సంచుల సంగతి ఎత్తితే నాయనమ్మ మీద కోపం వస్తుంది, ఆమె పోయి పదేళ్లయినా.

అందుకే, నిరుడు చలికాలంలో నా డేటాలో ఒక మసక వలయం దొరికినప్పుడు, ఎవరికీ చెప్పకుండా కంప్యూటర్లో ఆ ఫోల్డరుకు ఆరుట్ల అని పేరు పెట్టుకున్నాను. ఎవరికీ అంటే నాన్నకు తప్ప. "మన ఊరు ఆకాశంల వడ్డదా బిడ్డా!" అన్నాడు. ఇంకా ఖాయం కాలేదని చెప్పాను. నేను చెప్పింది ఆయన విన్నట్టు లేడు.

ఇలాంటి వలయం కనిపిస్తే చాలావరకు రెండిట్లో ఏదో ఒకటి. ఒకటి సూపర్‌నోవా అవశేషం. రెండోది హెచ్-టూ ప్రాంతం, అంటే కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాలు తమ చుట్టూ ఉన్న హైడ్రోజన్ను వెలిగించిన చోటు. రేడియోలో రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. తేడా పట్టడానికి రెండు ఫ్రీక్వెన్సీల్లో చూస్తాం. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అవశేషం గబగబా మసకబారుతుంది, హెచ్-టూ ప్రాంతం దాదాపు అలాగే ఉంటుంది. నాది 1.4 గిగాహెర్ట్జ్‌లో బాగా కనిపించి, 5 గిగాహెర్ట్జ్‌లో బాగా తగ్గిపోయింది. ఇంకేం, అవశేషమే.

మంగళవారం నేను చూపించింది ఇదే. నా స్లైడ్లు అయిపోయాక ఆ పెద్దాయన, రిటైరై కూడా రోజూ ఆఫీసుకొచ్చే మనిషి, చెయ్యెత్తారు.

"5 గిగాహెర్ట్జ్ బొమ్మలో సింగిల్ డిష్ డేటా కలిపారా?"

లేదన్నాను.

"22 మైక్రాన్లలో ఏముంది?"

22 మైక్రాన్లంటే ఇన్‌ఫ్రారెడ్. అక్కడా వలయం ఉందని ఒప్పుకున్నాను. అది దారిలో అడ్డొచ్చిన వేరే ధూళి అయ్యుండొచ్చని అనుకున్నానని చెప్పాను. స్లైడ్లలో పెట్టలేదు.

"అయితే మీకు ముందే తెలుసు," అని నోట్‌బుక్ మూసేశారు.

ఆ రెండు ప్రశ్నల్లో నా పని మొత్తం కూలిపోయింది. ఇన్‌ఫ్రారెడ్‌లోనూ వలయం ఉందంటే అక్కడ నక్షత్రాల వేడికి కాగిన ధూళి ఉందన్నమాట, అది హెచ్-టూ ప్రాంతం గుర్తు. ఇక మొదటి ప్రశ్న. విడివిడి డిష్‌లను కలిపి ఒకే టెలిస్కోపులా వాడినప్పుడు ఒక ఇబ్బంది ఉంది. డిష్‌ల మధ్య అతి తక్కువ ఎడం ఎంతో, దాన్ని బట్టి ఆకాశంలో ఎంత పెద్ద వస్తువు వరకు అందుతుందో తేలిపోతుంది. అంతకు మించి నున్నగా పరుచుకున్న వెలుగు అసలు లెక్కలోకే రాదు. ఫ్రీక్వెన్సీ పెరిగితే ఈ నష్టం ఇంకా ఎక్కువ. అంటే నా వలయం 5 గిగాహెర్ట్జ్‌లో నిజంగా మసకబారలేదు, నా టెలిస్కోపే దాన్ని పోగొట్టుకుంది. పోయిన ఆ వెలుగును తిరిగి తెచ్చుకోవాలంటే ఒకే పెద్ద డిష్ కావాలి. ఇక్కడికి దగ్గర్లో, ఐఫెల్ కొండల్లో ఒక లోయలో ఎఫెల్స్‌బర్గ్ టెలిస్కోపు ఉంది. 100 మీటర్ల అడ్డకొలత, 3,200 టన్నుల బరువు, 1972 నుంచి పనిచేస్తోంది. ఆ డేటా నా దగ్గర ఉంది కూడా. కలపడానికి మూడు వారాలు పడుతుందని బద్ధకించాను. బద్ధకమేనా? ఏమో.

సరే, తప్పు నాదే. కానీ పదిహేను మంది ముందా? మన దగ్గరైతే ఎలా ఉండేదో మీకు తెలుసు. "మంచి పని చేసినవమ్మా, ఆ ఇన్‌ఫ్రారెడ్ సంగతి కూడా ఒకసారి చూస్కో" అని చాయ్ తాగేటప్పుడు పక్కకు పిలిచి చెప్పేవాళ్లు. ఆ 'ఒకసారి చూస్కో'కు 'మొత్తం మునిగింది' అని అర్థమని మనకు తెలుసు, ఆ భాష మనకొచ్చు. తప్పు చెప్పేటప్పుడు అవతలివాళ్లు బయటపడటానికి ఒక తలుపు తెరిచిపెడతాం. ఒక కప్పు చాయ్ ఖర్చు. దానికి వీళ్లకేం నష్టం?

ఇలా రెండు రోజులు మనసులో ఆయనతో వాదించాను. మూడో రోజు గుర్తొచ్చింది, ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు రిపోర్టు మా గైడు దగ్గర ఎనిమిది నెలలు ఉంది. అడిగినప్పుడల్లా "చూస్తానమ్మా". వైవా రోజు అందరి ముందు "చాలా బాగా చేసింది" అన్నారు, చప్పట్లు కూడా కొట్టారు. మార్కుల జాబితాలో అది కనబడలేదు. తప్పెక్కడో ఎవరూ చెప్పలేదు. తలుపు తెరిచిపెట్టారు సరే, నేను ఏ గదిలోంచి బయటికొచ్చానో ఈ రోజుకీ తెలియదు.

అయినా చాయ్ సంగతిలో నేను తగ్గను.

మంగళవారం అసలు వింత మీటింగు తర్వాత జరిగింది. బాత్రూములో మొహం కడుక్కొని వంటగదిలోకి వెళ్తే అక్కడ పెద్ద రేగుపండ్ల కేకు. రేగుపండ్లంటే మనవి కావు, వీళ్ల నల్ల ప్లమ్స్. ఆ పెద్దాయన చాకు పట్టుకొని నిలబడి అందరికీ ముక్కలు కోస్తున్నారు. ఇక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే కేకు తెచ్చిపెట్టాలి. అంటే ఇప్పుడే నన్ను కోసిన మనిషికి నేను శుభాకాంక్షలు చెప్పి, ఆయన చేతి కేకు తిని, బాగుందనాలి. "పెద్ద ముక్క కావాలా, చిన్నదా?" అని అడిగారు, ఏమీ జరగనట్టే. చిన్నదన్నాను. నిజంగానే చిన్నది ఇచ్చారు. మన ఇంట్లో ఎవరైనా చిన్నదంటే చిన్నది పెడతారా?

మర్నాడు పొద్దున నా బల్ల మీద నీలం అట్ట పుస్తకం ఒకటి ఉంది. ఆయన పీహెచ్‌డీ థీసిస్, జర్మన్‌లో. ఒక పేజీ దగ్గర పసుపు చీటీ. తెరిస్తే సూపర్‌నోవా అవశేషాల పట్టిక, అందులో ఓఏ 184 అనే పేరు చుట్టూ పెన్సిల్ గీత. ఆ పేరు మా రంగంలో అందరికీ తెలుసు. ఎన్నో ఏళ్లు జాబితాలో అవశేషంగా చలామణి అయి, 2006లో హెచ్-టూ ప్రాంతమని తేలి, పేరు కొట్టేయించుకున్న సరుకు. చీటీ మీద ఏమీ రాసి లేదు. ఎదురుపడినప్పుడు థాంక్స్ చెప్తే "పుస్తకం శుక్రవారం లోపు తిరిగివ్వండి" అన్నారు.

ఇదే మాట మీటింగులో అంటే ఏం పోయేదండీ? నేనూ ఒకప్పుడు ఇలాగే పడ్డాను అని. బహుశా ఆయన దృష్టిలో రెండూ ఒకటి కావు. ఆయన పడ్డది తెలియక. నేను 22 మైక్రాన్ల బొమ్మ చూసి, కిటికీకి గోనె సంచి కట్టుకున్నాను. ఆ పోలిక నాకు నేనే తెచ్చుకున్నది, ఆయనకు మా నాయనమ్మ సంగతేం తెలుసు.

మూడు వారాలు కూర్చొని ఎఫెల్స్‌బర్గ్ డేటా కలిపాను. 5 గిగాహెర్ట్జ్‌లో వలయం నిండుగా వచ్చింది. ఫ్రీక్వెన్సీతో తగ్గడం లేదు. హెచ్-టూ ప్రాంతమే, సందేహం లేదు.

శనివారం నాన్న ఫోన్. "ఏమాయె బిడ్డా మన ఆరుట్ల?"

చూద్దాం నాన్నా అని నోటిదాకా వచ్చింది. మింగేసి, కాదని చెప్పాను. కాసేపు అటు నుంచి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత సైన్స్ సారు లేచాడు: "అవశేషం గాకపోతే ఏంది మరి?" కొత్త చుక్కలు పుట్టే చోటని చెప్పాను. "అంటే సావు గాదు, పురుడు. గట్లయితే ఇంకా మంచిదే గదా, గదే పేరు పెట్టు." దానికి ఇదివరకే ఒక నంబరుందని, ఇలాంటివి వేలకు వేలు జాబితాలో ఉన్నాయని, వాటికెవరూ ఊళ్ల పేర్లు పెట్టరని చెప్పబోతుంటే అమ్మ ఫోను లాక్కుంది. ఇక్కడ పదకొండున్నర అయితున్నది, మీ నాయినకు పొద్దున బడి ఉన్నది, పెట్టేయమంది. ఆదివారం బడేమిటని అడిగే లోపే పెట్టేసింది.

ఫోల్డరు పేరు మాత్రం ఇంకా మార్చలేదు. మారిస్తే దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి.