ఈత సామాన్లు అద్దెకి అడిగేటప్పుడు – నా అనుభవం

38 ఏళ్ల వయసులో ఈత నేర్చుకుందామని బయల్దేరాను. కళ్లకి మైనస్ 4 పవర్. అద్దాలు తీస్తే ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం కూడా మసకే. ఎన్నాళ్లు కుదురుతుందో తెలియదు కదా, ముందే అన్నీ కొనడం ఎందుకని పబ్లిక్ పూల్‌కి ఫోన్ చేశాను.

"స్విమ్మింగ్ సామాన్లు అద్దెకి ఇస్తారా అండీ?"

"ఇస్తామండీ, రండి."

అంతే, పెట్టేశాను. ఆ ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోవడం వల్ల ఒక రోజంతా పోయింది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. కౌంటర్ వెనక అరలో చేతులతో పట్టుకుని తేలే కిక్‌బోర్డులు, కాళ్లకి తొడుక్కునే ఫిన్స్, ఒక ట్రేలో గాగుల్స్ ఉన్నాయి. నాకు కావలసిన స్విమ్‌సూట్ మాత్రం లేదు. ఒంటికి అంటుకుని ఉండే బట్ట కాబట్టి అది అద్దెకి ఇవ్వరట. నేను తీసుకెళ్లింది కాటన్ లెగ్గింగ్స్, టీషర్టు. వాటితో నీళ్లలోకి దిగనివ్వరు. తలకి క్యాప్ తప్పనిసరి, అదీ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

దిగులుగా అనిపించింది, కానీ వెంటనే వెనక్కి రాలేదు. కాటన్ ఎందుకు వద్దంటున్నారని కౌంటర్ దగ్గరాయన్ని అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పారు. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, కొత్తగా దిగినవాళ్లని కిందికి లాగుతుంది. దాని నుంచి రాలే నూగు ఫిల్టర్‌లో చేరుతుంది. పైగా బట్టలో ఉండే చెమట, సబ్బు, మట్టి అన్నీ నీళ్లలో కలుస్తాయి. క్రిముల్ని చంపాల్సిన క్లోరిన్ వీటి మీదే ఖర్చయిపోతుంది. పూల్ దగ్గర ఘాటుగా వచ్చే వాసన క్లోరిన్ ఎక్కువ వేయడం వల్లనే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. నిజానికి చెమట, మూత్రం లాంటివాటితో క్లోరిన్ కలిసి తయారయ్యే క్లోరమైన్ల వాసన అది. కళ్లు మండేది కూడా చాలావరకు వాటివల్లే. దిగే ముందు షవర్ కింద స్నానం చేసి రమ్మనేది అందుకే.

ఇంటికొచ్చి ఒక కాగితం మీద అడగాల్సినవన్నీ రాసుకుని, మర్నాడు మళ్లీ ఫోన్ చేశాను. అద్దెకి ఏమేం ఇస్తారు, ఏవి సొంతంగా తెచ్చుకోవాలి, ఫిన్స్ నా పాదం సైజులో ఉన్నాయా, డిపాజిట్ కట్టాలా, వస్తువు పోతే ఎంత కట్టించుకుంటారు, లాకర్‌కి తాళం వాళ్లదా నాదా. అవతలివాళ్లు ఒక్కోదానికీ తడుముకోకుండా జవాబు చెప్పారు. అడిగితే చెప్పేవాళ్లే, నేనే మొదటిసారి అడగలేదు.

అన్నిటికంటే ముఖ్యమని నాకనిపించే ప్రశ్న ఒకటుంది: "ఒకరు వాడాక ఎలా శుభ్రం చేస్తారండీ?" ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. నేనూ పడ్డాను. కానీ గాగుల్స్ కంటికి ఆనుకునేవి, ఫిన్స్ వేళ్ల సందులకి తగిలేవి. కండ్లకలక, కాలివేళ్ల మధ్య వచ్చే ఫంగస్ ఒకరి నుంచి ఒకరికి అంటుకునేవే. కాబట్టి ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. ప్రతిసారీ కడిగి, మందు నీళ్లలో ముంచి, ఆరబెడతామని చెప్పారు. వెళ్లాక చూస్తే ట్రేలో గాగుల్స్ పొడిగానే ఉన్నాయి. తడితడిగా ఒకదానిమీద ఒకటి పడేసి ఉంటే తీసుకునేదాన్ని కాదు.

గాగుల్స్ ఎలా చూసుకోవాలో అక్కడి కోచ్ నేర్పింది. "పట్టీ తలకి పెట్టుకోకండి మేడమ్, ముందు కళ్లకి ఆనించి మెల్లగా నొక్కి వదిలేయండి" అంది. మొదటి జత వదలగానే చేతిలో పడింది. రెండోది ముక్కు దగ్గర సందు వదిలింది. మూడోది పట్టీ సాయం లేకుండానే రెండు మూడు క్షణాలు కళ్లని పట్టుకుని నిలిచింది. అదీ మన మొహానికి సరిపోయే జత. సరిపోనిదాన్ని పట్టీ బిగించి సర్దుకోబోతే తలనొప్పే తప్ప నీళ్లు ఆగవు. లోపలి వైపు వేలితో తుడవొద్దని కూడా చెప్పింది, ఆవిరి పట్టకుండా వేసిన పూత పోతుందట.

నా పక్కనే ఒకావిడ చిన్నబాబుకి గాలి ఊదే చేతిపట్టీలు అడుగుతోంది. అవి ప్రాణం కాపాడే వస్తువులు కావని, గాలి దిగిపోవచ్చని, జారిపోవచ్చని, చేతికి అందేంత దూరంలో పెద్దవాళ్లు నీళ్లలోనే ఉండాలని కోచ్ ఆవిడకి నొక్కి చెప్పింది. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఈ మాట ఎవరూ చెప్పకపోయినా గుర్తుపెట్టుకోండి.

పవర్ ఉన్న గాగుల్స్ అద్దెకి దొరకలేదు. కాంటాక్ట్ లెన్సులతో దిగుదామా అనుకున్నాను, కంటి డాక్టర్ గట్టిగా వద్దన్నారు. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్సు కింద చేరితే కార్నియాను, అంటే కంటి ముందుండే పారదర్శక పొరను, దెబ్బతీసే ఇన్ఫెక్షన్ వస్తుందట. రెడీమేడ్‌గా దొరికే పవర్ గాగుల్స్ కొనుక్కోమన్నారు. సిలిండర్ పవర్ (కంటి వంపు అన్నివైపులా సమంగా లేనివాళ్లకి ఇచ్చేది) ఎక్కువ ఉన్నవాళ్లకి ఇవి సరిపోకపోవచ్చు, నాకు ఆ ఇబ్బంది లేదు.

కాబట్టి ఇప్పుడు నా సంచిలో స్విమ్‌సూట్, సిలికాన్ క్యాప్, పవర్ గాగుల్స్ సొంతవి. కిక్‌బోర్డు, ఫిన్స్ ఇప్పటికీ అద్దెవే. రోజూ మోసుకెళ్లే శ్రమ లేదు, పైగా కిక్‌బోర్డు ఎన్నాళ్లు వాడతానో కూడా చెప్పలేను.

అద్దె గాగుల్స్‌తో ఈదిన మొదటి వారం పూల్ అడుగున ఉండే నల్లగీత నాకు నీడలాగే కనిపించేది. గోడ ఎక్కడుందో తెలియక చేయి ముందుకు చాపి తడుముకునేదాన్ని. పవర్ గాగుల్స్‌తో దిగిన రోజు ఆ గీత అంచులు స్పష్టంగా కనబడ్డాయి. గోడ ఇంకా కాస్త దూరం ఉందనగా గీత ఆగిపోయి, అడ్డంగా ఇంకో చిన్న గీత ఉంది. గోడ దగ్గరపడిందని ఈదేవాళ్లకి తెలియడానికి అలా వేస్తారని తర్వాత కోచ్ చెప్పింది. దాన్ని చూసి, ఈసారి తడుముకోకుండా చేయి చాపి గోడ పట్టుకున్నాను.