అమ్మ వయసున్న నగరం

టోక్యోలో మేము చూసినవాటిలో చాలావాటికి మా అమ్మ వయసే. అమ్మ పుట్టింది 1958లో. ఏ గుడి ముందు ఆగి ఎప్పటిదని అడిగినా మా తమ్ముడు ముందు ఏదో పాతకాలపు సంవత్సరం చెప్పేవాడు. ఆ వెంటనే "ఇప్పుడు కనిపిస్తున్న కట్టడం మాత్రం 1958 నాటిది" అనేవాడు. మొదట విన్నప్పుడు అమ్మ సరదాపడింది. మళ్లీ అదే మాట వినేసరికి "ఆ ఏడాది వీళ్లకు ఏం జరిగిందిరా?" అని అడిగింది. మా యాత్ర అంతా ఆ ప్రశ్న వెంటే నడిచింది.

తమ్ముడు ఎదొగావా వార్డులోని నిషి-కసాయిలో ఉంటాడు. 2000 సంవత్సరం ప్రాంతంలో కంప్యూటర్ ఉద్యోగాల మీద వచ్చిన భారతీయులు ఎక్కువగా స్థిరపడిన పేట అది. కందిపప్పు, చింతపండు, ఆవాలు నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. దసరా సెలవుల్లో అమ్మ, నేను, మావారు, అయిదో తరగతి చదివే మా పాప అక్కడ దిగాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అందుకని రోజుకు ఒకటి రెండు చోట్లకే వెళ్లాలని, ఎక్కడికక్కడ తీరిగ్గా కూర్చోవాలని ముందే అనుకున్నాం. పెద్దవాళ్లతో టోక్యో వెళ్లేవారికి నేను గట్టిగా చెప్పేది కూడా అదే. పరుగులు పెడితే ఆ ఊళ్లో స్టేషన్లు తప్ప ఏమీ గుర్తుండవు.

స్టేషన్లంటే చిన్న సంగతి కాదు. షింజుకు స్టేషన్‌కు దాదాపు రెండు వందల ద్వారాలున్నాయి. లిఫ్టు ఏ ద్వారం దగ్గర ఉందో ఇంట్లోనే చూసుకుని బయలుదేరితే మోకాళ్లకు మేలు. సుయికా కార్డులో డబ్బు వేసుకుంటే రైలుకూ బస్సుకూ అదే సరిపోతుంది. పిల్లలకు సగం టికెట్టు. ప్లాట్‌ఫారాల మీద పసుపుపచ్చ పలకలు బొడిపెలతో పరిచి ఉంటాయి. చూపులేనివారు పాదంతో, చేతికర్రతో దారి పోల్చుకోవడానికి ఏర్పాటు చేసినవి. వీటిని కనిపెట్టింది సెయిచి మియాకే అనే జపనీయుడు. 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి పరిచారు. ఇప్పుడు మన మెట్రో స్టేషన్లలోనూ ఉన్నాయి. పాప ఆ సంగతి తెలిశాక కళ్లు మూసుకుని వాటి మీద నడిచి చూసింది. మావారు పక్కనే చెయ్యి పట్టుకుని నడిచారు.

మొదట వెళ్లింది మెయిజీ జింగూ అనే ఆలయానికి. హరాజుకు స్టేషన్ దిగి వంతెన దాటగానే ఎత్తైన కొయ్య తోరణం, దాని వెనక అడవి. దాదాపు డెబ్భై హెక్టార్లు. ఇది తనంతట తాను పుట్టిన అడవి కాదని తెలిసి మావారు నమ్మలేకపోయారు. మెయిజీ చక్రవర్తి, చక్రవర్తిని షోకెన్‌ల స్మృతిలో 1920లో ఆలయం వెలిసినప్పుడు ఇక్కడ చాలాభాగం బయలే. దేశం నలుమూలల నుంచి జనం లక్ష మొక్కలు పంపారు. అప్పటి ప్రధాని ఒకుమా షిగెనోబు పవిత్రస్థలాల్లో కనిపించే దేవదారు జాతి చెట్లు నాటాలని పట్టుబట్టారట. హోండా సెయిరోకు మొదలైన అటవీ నిపుణులు ఒప్పుకోలేదు. రైళ్లు, ఫ్యాక్టరీల పొగకు అవి ఇక్కడ బతకవని, ఓక్, కర్పూరం వంటి నిత్యం పచ్చగా ఉండే వెడల్పాకు చెట్లే నిలుస్తాయని వాదించి గెలిచారు. వందా నూట యాభై ఏళ్ల తర్వాత మనిషి చెయ్యి పడకుండా అడవి తనను తాను పోషించుకోవాలన్నది వాళ్ల ఆలోచన. తాము చూడబోని అడవి కోసం ప్రధానితో వాదించారు ఆ మనుషులు! నాకు ఆ ఆలయంలో అన్నిటికన్నా మిన్నగా తోచింది ఇదే.

దారి మీద రాలిన ఆకుల్ని పొడవాటి చీపురుతో ఊడ్చి బయట పారెయ్యరు, తిరిగి చెట్ల మొదళ్లకే చేరుస్తారు. పెరట్లో ఆకులు కాల్చవద్దని మా వీధిలో అందరికీ చెప్పి అలిసిపోయిన అమ్మ, ఊడ్చే ఆయన్ని చూసి ఆగి నమస్కారం పెట్టింది. ఆయన చీపురు పక్కన పెట్టి నడుము వంచి ప్రతినమస్కారం చేశాడు.

అమ్మ ప్రశ్నకు జవాబు ఆ ఆలయం గడప దగ్గరే దొరికింది. 1945 ఏప్రిల్‌లో బాంబుదాడికి ప్రధానమందిరం కాలిపోయింది. అడవి చాలావరకు నిలిచింది. 1958లో చందాలతో మందిరాన్ని మళ్లీ కట్టుకున్నారు. "తిండికి కటకటలాడిన రోజుల తర్వాత గుడికి చందా ఇచ్చారు చూడు" అంది అమ్మ. అక్కడి బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాం.

ఆ సాయంత్రమే షిబుయా వెళ్లాం. అందరూ ఫొటోలు తీసే నాలుగురోడ్ల కూడలిని ఒకసారి దాటాం, చాలనిపించింది. పాపకు కావలసింది హచికో అనే కుక్క విగ్రహం. 1925లో యజమాని ప్రొఫెసర్ ఉయెనో చనిపోయాక, 1935లో తాను పోయేదాకా ఆ కుక్క ఈ స్టేషన్‌కు వచ్చి ఎదురుచూసేది. అది బతికుండగానే 1934లో విగ్రహం పెట్టారు. యుద్ధంలో లోహం కోసం దాన్ని కరిగించేశారు. ఇప్పుడున్నది మొదటి శిల్పి కొడుకు 1948లో మళ్లీ పోతపోసినది. కుక్క విగ్రహాన్ని కూడా కరిగించుకోవలసి వచ్చిన దేశం పరిస్థితి ఏమిటో పాపకు వివరించడానికి నేను తడుముకున్నాను. అమ్మ నెమ్మదిగా చెప్పింది.

టోక్యో టవర్‌ను అమ్మ తన తోటిపిల్లలా చూసింది. 1958 డిసెంబరులో తెరిచారు. ఎత్తు 333 మీటర్లు. కొరియా యుద్ధంలో పాడైన అమెరికన్ ట్యాంకుల ఇనుము కొంత దీని కట్టడంలో చేరింది. 2012లో వచ్చిన స్కైట్రీ 634 మీటర్ల ఎత్తుతో దీన్ని దాటిపోయినా, నారింజ, తెలుపు రంగుల్లో చీకటిపడ్డాక వెలిగే ఈ పాత టవరే నాకు అందంగా కనిపించింది. పైనుంచి ఊరు చూడాలంటే షింజుకులోని టోక్యో ప్రభుత్వ భవనం నలభై అయిదో అంతస్తుకు ఉచితంగా ఎక్కవచ్చు. ఆకాశం తేటగా ఉంటే ఫుజి కొండ కనిపిస్తుందంటారు. మాకు మబ్బే కనిపించింది.

తిండి విషయంలో అమ్మకు ఇబ్బంది తప్పలేదు. కూరగాయల వంటకమే అయినా అందులోని రసం ఎండుచేపతో కాచినదై ఉంటుంది. మాంసం వద్దని చెబితే సరిపోదు, చేప రసం కూడా వద్దని విడిగా చెప్పాలి. తమ్ముడు జపనీస్‌లో ఒక కాగితం మీద అదంతా రాసిచ్చాడు. దాన్ని చూపిస్తే, వంటవాళ్లు లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, కుదరకపోతే కుదరదని బాధపడుతూ చెప్పేవారు. అబద్ధం చెప్పి వడ్డించినవారు ఒక్కరూ లేరు. టోక్యో స్టేషన్ ఆవరణలో టీస్ టాన్‌టాన్ అనే చోట పూర్తి శాకాహార రామెన్ దొరుకుతుంది. నువ్వుల రసంలో చేసిన ఆ నూడుల్స్ అమ్మకు నచ్చాయి. మిగతా రోజుల్లో మరదలు కట్టిచ్చిన పులిహోర, దద్దోజనం ఉద్యానవనాల్లో కూర్చుని తిన్నాం.

సుగినామి వార్డులోని రెంకోజి ఆలయానికి వెళ్లడం మా పెద్దమామయ్య కోరిక. తెలుగు ఊళ్లలో ఎందరికో ఉన్నట్టే ఆయనకూ బోసు పేరే పెట్టారు మా తాతయ్య. హిగాషి-కోయెంజి స్టేషన్ నుంచి కాస్త దూరం నడిస్తే ఇళ్ల మధ్య వస్తుంది. నేతాజీవని చెప్పే చితాభస్మం 1945 సెప్టెంబరు నుంచి ఇక్కడే ఉంది. ఆవరణలో ఆయన అర్ధవిగ్రహం, వచ్చి వెళ్లిన మన నాయకుల మాటలు చెక్కిన ఫలకాలు ఉన్నాయి. 1957లో నెహ్రూ, మరుసటి ఏడాది రాజేంద్రప్రసాద్, 1969లో ఇందిరాగాంధీ. రాజేంద్రప్రసాద్ వచ్చిన సంవత్సరం చదివి పాప "అమ్మమ్మ సంవత్సరం!" అని అరిచింది. భస్మం ఉన్న మందిరం మేము వెళ్లినప్పుడు మూసి ఉంది. వర్ధంతి జరిపే ఆగస్టు 18న వెళితే లోపలి దర్శనం దొరికే అవకాశం ఎక్కువ. బయటే పూలు పెట్టి అమ్మ తన అన్నకు ఫోను చేసి విగ్రహాన్ని చూపించింది.

ఈ భస్మం ఆయనది కాదని, నేతాజీ ఏమయ్యారో విచారించిన ముఖర్జీ కమిషన్ 2005లో చెప్పింది. ప్రభుత్వం ఆ నివేదికను ఒప్పుకోలేదు. నేతాజీ కుమార్తె అనితా బోస్ ఫాఫ్ అవి తన తండ్రి అవశేషాలేనని నమ్ముతూ, భారతదేశానికి తీసుకురావాలని కోరుతున్నారు. నా మనసులో మాట ఇది: పరీక్షలతో తేలేదైతే తేల్చాలి. మనం వాదించుకుంటున్నన్నాళ్లూ ఒక చిన్న ఆలయం తరం తర్వాత తరంగా వాటిని కాపాడుతూ వస్తోంది. ఆ పూజారుల రుణం మన మీద ఉంది.

మూలా నక్షత్రం నాడు బెజవాడలో ఉంటే అమ్మ తెల్లవారకముందే ఇంద్రకీలాద్రి వరుసలో ఉండేది. ఆ రోజు కనకదుర్గమ్మకు సరస్వతి అలంకారం. "సరస్వతి ఇక్కడా ఉంది, పద" అని తమ్ముడు ఉయెనో తీసుకెళ్లాడు. షినోబాజు చెరువు మధ్యలో దీవి, దాని మీద ఎర్రని ఎనిమిది మూలల గుడి. అమ్మవారు బెంజాయితెన్. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరిన మన సరస్వతే. ఇక్కడ వీణకు బదులు బివా వాద్యం. గుడి ముందు రాతి పీఠం మీద పెద్ద బివా ప్రతిమ కూడా ఉంది. పదిహేడో శతాబ్దంలో తెంకాయి అనే భిక్షువు కట్టించిన గుడి 1945 దాడుల్లో కాలిపోయింది. మళ్లీ కట్టినది ఎప్పుడో వేరే చెప్పక్కరలేదు.

తామరలు విరిసే వేసవి దాటిపోయింది కాబట్టి చెరువు నిండా వాడుతున్న ఆకులు, ఎండిన కాయలే. అమ్మ పాప పెన్నును కాసేపు హుండీ అంచున ఉంచి, శ్లోకం చెప్పించి, కళ్లకద్దించి తిరిగి ఇచ్చింది. పక్కన యూనిఫాంలో ఉన్న విద్యార్థినులు చేతులు జోడించి ఉన్నారు. పరీక్షలున్నాయో ఏమో. సంగీతానికీ కళలకీ జనం మొక్కే దేవత అని తమ్ముడు అంటే, "మరి ఆవిడ ఇంకేం ఇస్తుంది?" అంది అమ్మ. దగ్గరలోనే ఉన్న జాతీయ ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో హచికో దేహాన్ని భద్రపరిచి ఉంచారు. పాప కోసం అదీ చూశాం.

అసాకుసా అక్కడికి మెట్రోలో కొద్ది నిమిషాలే. కామినారిమోన్ ద్వారానికి వేలాడే ఎర్ర లాంతరు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ. అది దాటితే నకామిసే అంగళ్ల వీధి, చివర సెన్సోజీ ఆలయం. 628లో సుమిదా నదిలో అన్నదమ్ములైన జాలరుల వలలో, బౌద్ధులు కరుణామూర్తిగా కొలిచే కన్నోన్ ప్రతిమ పడిందని స్థలపురాణం. గుడి ముందు పెద్ద ధూపపాత్ర ఉంటుంది. ఆ పొగను నొప్పి ఉన్నచోటికి చేత్తో తోసుకుంటే తగ్గుతుందని నమ్మకం. అమ్మ రెండు చేతులా మోకాళ్లకు పొగ పట్టించుకుంటుంటే, తనకన్నా పెద్దావిడ ఒకరు వచ్చి ఇంకాస్త పొగ అమ్మ వైపు విసిరింది. మాటలు కలవకపోయినా ఇద్దరూ మోకాళ్లు చూపించుకుని నవ్వుకున్నారు.

1945 మార్చి 10 రాత్రి జరిగిన దాడిలో ఈ దిగువ పేటలన్నీ తగలబడ్డాయి. దాదాపు లక్షమంది చనిపోయారు. సెన్సోజీ కూడా ఆ రాత్రే పోయింది. ఆవరణలో నాటి మంటలకు ఒళ్లు కాలిన గింకో చెట్టు ఇంకా బతికే ఉంది. మానులో నల్లబడిన భాగం ఇప్పటికీ కనిపిస్తుంది, పైన కొమ్మలకు నిండుగా ఆకులు. ప్రధానమందిరం భక్తుల చందాలతో 1958లో లేచింది. ఈసారి సంవత్సరం అమ్మే చదివి, చెట్టు మానును చేత్తో నిమిరింది.

అక్కణ్ణుంచి నది పక్కగా కాసేపు నడిస్తే మత్సుచియామా అనే చిన్న గుట్ట మీద వినాయకుడున్నాడు. జపనీయులకు ఆయన కాంగితెన్. మూలమూర్తిని ఎవరికీ చూపించరు. గుట్ట ఎక్కలేనివారికి పట్టాల మీద నడిచే చిన్న పెట్టెబండి ఉంది, డబ్బు తీసుకోరు. ఉండ్రాళ్లు ఉంటాయేమోనని చూసిన పాపకు మందిరం నిండా తెల్ల ముల్లంగులు కనిపించాయి. ఇక్కడి నైవేద్యం అదే. ఆరోగ్యానికీ కాపురం సఖ్యంగా సాగడానికీ ముల్లంగి, వ్యాపారానికి డబ్బుసంచి గుర్తులు. గడపల మీద, దీపాల మీద అవే బొమ్మలు. మేమూ అక్కడే ఒకటి కొని సమర్పించాం. దేవుడి ముందు పెట్టిన ముల్లంగులను తర్వాత భక్తులు తీసుకెళ్లడానికి బయట ఉంచుతారు. తమ్ముడు అడిగి ఒకటి తీసుకున్నాడు. పాప మోచెయ్యి కన్నా పొడవుంది.

ఆ రాత్రి మరదలు దాన్ని పులుసు పెట్టింది. అక్కడి ముల్లంగిలో నీరెక్కువ, ఘాటు తక్కువ. అందుకని నీళ్లు తగ్గించి చింతపండు కాస్త ముందుగా పోయమని అమ్మ పక్కన నిలబడి చెప్పింది. మావారు మారు వడ్డించుకున్నారు. ఆకులు కూడా లేతగా ఉన్నాయి కాబట్టి మర్నాటికి పప్పులో వేద్దామని అమ్మ వాటిని కడిగి గుడ్డలో చుట్టి పెట్టింది.