డబ్బా వేట, జలపాతం బాట

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే చూపించే వరస దాదాపు ఒకటే. మల్ట్‌నోమా జలపాతం, కానన్ బీచ్, ఓపిక ఉంటే క్రేటర్ లేక్. కారు దిగడం, ఫొటో, మళ్ళీ కారు. నడవాల్సిన చోటు వస్తే పెద్దవాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టి, "మీరిక్కడే ఉండండి, పిల్లల్ని అలా తిప్పుకొస్తాం" అంటాం. ఈ పద్ధతి నాకు మొదట్నుంచీ నచ్చదు. డెబ్భై దాటిన మనిషికి కూర్చునే చోటు ఒక్కటే చాలదు, చెయ్యడానికి ఒక పని కూడా కావాలి. అందుకే మే నెలలో ఒక శనివారం పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని, మా అమ్మానాన్నల్ని, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని జియోకాషింగ్‌కి బయల్దేరాం. ఎవరో ఒక డబ్బా దాచి, అదెక్కడుందో అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు, జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి వెతికి పట్టుకోవాలి, అదీ ఆట. ఆ డబ్బానే జియోకాష్, పొట్టిగా కాష్ అంటారు.

మా నాన్న సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా గుంటూరు జిల్లా పొలాల్లో గొలుసు పట్టించుకుని, హద్దు రాళ్ళు వెతుక్కుంటూ గడిచింది. అలాంటి మనిషికి అక్షాంశ రేఖాంశాలు చేతికిచ్చి "అక్కడ ఏదో దాచారు, వెతికి పెట్టండి" అంటే ఎలా ఉంటుంది! దారి పొడుగునా ఫోను ఆయన చేతిలోనే ఉంది.

మొదటి మజిలీ బీవర్‌క్రీక్ అనే ఊరు దాటాక, ఫెలోస్ రోడ్డు పక్కన. ఉత్తరం 45° 17.460', పడమర 122° 24.800'. ప్రపంచంలో మొదటి జియోకాష్ పెట్టిన చోటు ఇదే. అంతకుముందు అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టి వదిలేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో ఆ అడ్డు తీసేశారు. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన, ఇప్పుడు ఎంత కచ్చితంగా చూపిస్తుందో తేల్చుకుందామని, ఒక నల్ల బకెట్‌లో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక క్యాటపల్టు, ఒక చిక్కుడు గింజల డబ్బా వేసి ఇక్కడ దాచి, ఎక్కడుందో ఇంటర్నెట్‌లో అంకెలు పెట్టాడు. మూడు రోజులు తిరక్కుండానే జనం వచ్చి కనిపెట్టేశారు. తీసుకున్నదానికి బదులు ఏదో ఒకటి పెట్టాలి, పుస్తకంలో సంతకం చెయ్యాలి అన్న పద్ధతి ఆ బకెట్‌తోనే మొదలైంది.

ఇదంతా చెబుతుంటే నాన్న ఒక్క ముక్క దగ్గర ఆగిపోయారు.

"వంద మీటర్ల తేడానా? ఒకడి పొలం తీసుకెళ్ళి ఇంకొకడికి రాసేసినట్టేగా!"

"ఇప్పుడు ఎంత తాతయ్యా?" అంది మా పెద్దది. ఫోను మీద నీలం చుక్క చుట్టూ ఉన్న వలయం చూపించి, "నాలుగైదు మీటర్లు. ఈ చెట్ల కింద ఇంకాస్త. మిగతాది మన కళ్ళు చెయ్యాలి," అన్నారు.

ఇప్పుడక్కడ బకెట్ లేదు. 2003లో పెట్టిన ఫలకం ఉంది. చుట్టూ ఫెర్న్ మొక్కలు, పక్కన రోడ్డు మీద అప్పుడొకటీ అప్పుడొకటీ కారు. గొప్ప దృశ్యమేమీ కాదు. అయినా ప్రపంచమంతా లక్షలమంది ఆడుతున్న ఆట ఈ రోడ్డు పక్కన పుట్టిందంటే నాకు ఒళ్ళు పులకరించింది. అమ్మ ఫలకం ముందు పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీయించింది. ఇప్పటి నియమాల ప్రకారం డబ్బాని నేలలో పాతకూడదు, తినే వస్తువు పెట్టకూడదు. వాసన పట్టి జంతువులు చీల్చేస్తాయి. మొట్టమొదటి దాంట్లోనేమో చిక్కుడు గింజలున్నాయి!

అక్కణ్ణించి ఇంకో డబ్బా వేటకి బయల్దేరాం. ఎక్కడో రాయను, వెతుక్కునేవాళ్ళ సరదా పోతుంది. కంపాస్ బాణం గిర్రున తిరగడం మొదలెట్టిందంటే దగ్గరికొచ్చినట్టే, ఇక ఫోను జేబులో పెట్టెయ్యాలి. పిల్లలు ప్రతి మొద్దు వెనకా తొంగి చూశారు. మూడాకుల పాయిజన్ ఓక్ ఉంటుంది, తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు, అందుకని ఏ ఆకు ముట్టుకోవచ్చో ఏది కాదో ముందే చెప్పి ఉంచాను. నాన్న మాత్రం కదల్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి నేల మొత్తం ఒకసారి కలయజూశారు. పడిపోయిన మాను పక్కన బెరడు ముక్కలు మూడు నాలుగు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మిగతా కర్రలన్నిటి మీదా నాచు పట్టి ఉంది. వీటి మీద నాచు కింది వైపుంది.

"చిన్నోడా, ఇటు రా. అవి పడ్డ ముక్కలు కావు, పెట్టిన ముక్కలు."

మావాడు బెరడు ఎత్తాడు. కింద ఆకుపచ్చ రంగు ఇనప పెట్టె. సైన్యంలో తూటాలు దాచే పెట్టెలు ఈ ఆటకి బాగా వాడతారు, మూతకి రబ్బరుండటంతో వాన నీళ్ళు దూరవు. లోపల జిప్పు సంచిలో చిన్న పుస్తకం, గోళీలు, తాళం చెవుల గొలుసు, వాటితోపాటు ఒక ట్రావెల్ బగ్. సైన్యంవాళ్ళు మెళ్ళో వేసుకునే బిళ్ళలాంటిది, మీద ఒక నంబరు. ఇది ఉంచేసుకునే వస్తువు కాదు, వేరే కాష్‌కి చేర్చి ఆ నంబరు మీద ఇంటర్నెట్‌లో నమోదు చెయ్యాలి. పెద్దది తెచ్చిన కొండపల్లి చిలక పెట్టెలోకి వెళ్ళింది, ట్రావెల్ బగ్ మా సంచిలోకి వచ్చింది. నాన్న పుస్తకంలో తెలుగులో సంతకం పెట్టి, కింద ఊరు పేరు తెనాలి అని రాశారు.

మొలాల్లా, సిల్వర్టన్ మీదుగా సిల్వర్ ఫాల్స్ స్టేట్ పార్క్ చేరేసరికి తుంపర మొదలైంది. ఇక్కడ లోయలోకి దిగితే ఫోను సిగ్నల్ నమ్ముకోవద్దు. జీపీఎస్‌కి మాత్రం ఆ సిగ్నల్‌తో పనిలేదు, అది ఉపగ్రహాల నుంచి నేరుగా వస్తుంది. కావాల్సిన మ్యాపులు ఇంట్లోనే దించుకుంటే చాలు.

పది జలపాతాల బాట పూర్తిగా తిరిగితే ఏడు మైళ్ళ పైచిలుకు. అంత అవసరం లేదు. 177 అడుగుల సౌత్ ఫాల్స్ వెనక నుంచి దూరి, కింద చెక్కవంతెన దాటి పైకి వచ్చేసే చిన్న చుట్టు ఉంది. అమ్మ మా ఆయన చెయ్యి పట్టుకుని, నిదానంగా అయినా, ఆ చుట్టంతా నడిచింది. నీళ్ళ వెనక నిలబడి, "ఈ చప్పుడులో నా మోకాళ్ళ నొప్పి కూడా వినపడట్లేదే," అంది.

ఒకప్పుడు ఈ స్థలం సొంతదారు పది సెంట్లు టికెట్ పెట్టి, పాత కార్లని జలపాతం మీంచి కిందకి తోయించేవాడట. 1928లో ఒకాయన పడవలో కూర్చుని దూకి, దెబ్బలతో బతికి బయటపడ్డాడు. 1926లో దీన్ని నేషనల్ పార్క్ చెయ్యమంటే, నరికేసిన చెట్ల మొద్దులు ఎక్కువగా ఉన్నాయని కాదన్నారు. సిల్వర్టన్ ఫొటోగ్రాఫర్ జూన్ డ్రేక్ పట్టు వదలకుండా ఫొటోలు తీసి ప్రచారం చెయ్యబట్టి 1933లో స్టేట్ పార్క్ అయింది. ఆ మనిషికి మనం రుణపడి ఉన్నాం.

భోజనాలయ్యాక నార్త్ ఫాల్స్‌కి వెళ్ళాం. ఇక్కడ మా వేట వేరు. ఎర్త్‌కాష్ అంటారు, డబ్బా ఉండదు. అక్కడి రాయినీ నేలనీ చూసి ప్రశ్నలకి జవాబు రాసి పంపాలి. మెట్లు దిగి నీటి తెర వెనక్కి వెళితే పెళ్ళిపందిరంత గుహ. కప్పు నల్లరాయి, బసాల్ట్. సుమారు కోటిన్నర ఏళ్ళ కిందట పారిన లావా. దాని కింద పొర మెత్తటిది. నాన్న వేలితో అలా రాస్తే చాలు, పొడి రాలింది. తుంపరకి నాని, చలికాలం గడ్డకట్టి పగిలి ఆ మెత్తటి పొర వెనక్కి తరిగిపోతుంది, పైన గట్టి రాయి చూరులా మిగులుతుంది. గుహ ఏర్పడింది అలాగే.

"మన పంగిడి క్వారీల్లో తీసే నల్లరాయీ ఇదేగా," అన్నారు నాన్న. రాజమండ్రి దగ్గరి ఆ పంగిడి రాయీ లావా రాయే, కాకపోతే ఇంకా పాతది, ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటిది.

చివరి ప్రశ్న కప్పులో ఉన్న గుండ్రటి బొక్కల గురించి. పిల్లలు టార్చి వేసి పైకి చూశారు. గొట్టాల్లా లోపలికి పోతున్నాయి. లావా పారినప్పుడు అడవి అలాగే నిలబడి ఉంది. చెట్ల చుట్టూ రాయి గట్టిపడింది, చెట్లు కాలిపోయి వాటి ఆకారం ఖాళీగా మిగిలింది. మావాడు ఒక బొక్క కింద నిలబడి, "అంటే నేను చెట్టు వేళ్ళ కింద ఉన్నానా తాతయ్యా?" అన్నాడు. నాన్న బొక్క వెడల్పు కంటితో అంచనా కట్టి, పెద్దదానిచేత నోటు రాయించారు. జవాబులన్నీ వాళ్ళ ముగ్గురివే. నేను, మా ఆయన గొడుగు పట్టుకున్నాం, అంతే.

తిరుగుదారిలో కారులో పెద్ద చర్చ, ఆ ట్రావెల్ బగ్‌ని ఏం చెయ్యాలని. దాని యజమాని రాసుకున్న కోరిక, వీలైనన్ని దేశాలు తిరగాలని. హైదరాబాద్ చుట్టుపక్కల కాష్‌లు మ్యాప్‌లో కనిపిస్తున్నాయి. బిళ్ళ పట్టేంత పెద్ద డబ్బా ఎక్కడుందో పెద్దది ఒక్కొక్కటీ తెరిచి చూసి, ఒకటి ఖాయం చేసింది. అమ్మానాన్నల తిరుగు ప్రయాణం జూలైలో. హైదరాబాద్‌లో దిగాక తెనాలి బండి ఎక్కేలోపు ఒక పూట ఖాళీ ఉంచమని నాన్న ఆ రాత్రే మా తమ్ముడికి ఫోను చేసి చెప్పేశారు.